పెళ్ళిగేరు

మామూలు జీపులో డ్రైవరు ఎడమచేతి పక్కన మూడు రాడ్లుంటాయి. ఒకటి గేర్లు మార్చడానికి. మిగతా రెండూ ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందించడానికీ, వేగం తగ్గించి లాగుడు పెంచడానికీ. మా బాబాయి జీపుకు నాలుగు రాడ్లుండేవి. ఆ నాలుగోది పొట్టిగా, ఇత్తడి బొడిపెతో, పెద్దవాళ్ళ కబుర్ల మధ్య దూరి కూర్చున్న చంటిపిల్లాడిలా ఉండేది. బండి పూర్తిగా ఆపి, క్లచ్చి తొక్కి, దాన్ని వెనక్కి లాగితే ఆ జీపు మనిషి నడకకన్నా నెమ్మదిగా కదిలేది. పరిగెత్తడానికి కనిపెట్టిన వాహనాల్లో నడవడం నేర్చుకున్నది అదొక్కటేనేమో. తెనాలిలో దాన్ని పెళ్ళిగేరు అనేవారు. ప్రతి జీపుకూ అలాంటిది ఒకటి ఉంటుందనీ, మిగతా ఊళ్ళవాళ్ళకు దాన్ని వాడటం చేతకాదనీ మేమంతా చాలాకాలం మనస్ఫూర్తిగా నమ్మాం.

అది నిజం కాదని నాకు మొన్నమొన్ననే తెలిసింది. బాపట్లలో మా ఇంటి వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే ఫోను మోగింది. అవతల ఒక కుర్రాడు. పేరు వంశీ, సొంతూరు వేటపాలెం, పుణెలో బళ్ళు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. రేపల్లెలో జరిగిన ఏదో ఉత్సవం వీడియోను ఎవరో ఇంటర్నెట్లో పెట్టారట. అందులో అందరూ దేవుణ్ణి చూస్తే ఈ అబ్బాయి జీపు లోపలి రాడ్లు లెక్కపెట్టాడు. నంబరు ప్లేటు పట్టుకుని, ఆ నంబరు ఎవరి పేరున ఉందో కనుక్కుని, నా దాకా వచ్చాడు.

"మాస్టారూ, అది మామూలు గేరు బాక్సు కాదండి. ఒకప్పుడు ఓ ఫ్యాక్టరీవాళ్ళు కొండ ప్రాంతాల కోసమని ట్రయల్‌గా కొన్ని చేశారండి. నమూనాలన్నమాట. ఖర్చు ఎక్కువ, మోత ఎక్కువ అని ఆపేశారండి. ఉన్నవన్నీ పగలగొట్టేశారనుకుంటున్నాం ఇన్నాళ్ళూ. మీది ఏ కొండలెక్కిందండీ?"

"కొండలా? కాలవ వంతెన ఎక్కేది నాయనా. మా బాబాయి దాంతో పెళ్ళిళ్ళు చేయించాడు."

"పెళ్ళిళ్ళాండీ?" అన్నాడు, గుళ్ళో చెప్పులు చూసినట్టు.

తర్వాత తేరుకుని అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ కంపెనీకి పాత బళ్ళ మ్యూజియం ఉంది. ఆ జీపును అక్కడ పెట్టాలని వాళ్ళ కోరిక. కింద ఇత్తడి పలక వేసి, దాతగా నా పేరు చెక్కిస్తారు. నేను రిటైరైన తెలుగు లెక్చరర్ని. రిటైరంటే మళ్ళీ టైరు వేయడమని క్లాసులో చెప్పి పిల్లల్ని నవ్వించేవాణ్ణి గానీ, నాకు వేసినవాళ్ళెవరూ లేరు. నా పేరు ఎక్కడైనా చెక్కారంటే అది కాలేజీ బెంచీల మీదే, అదీ పక్కన గాడిద బొమ్మతో. ఇత్తడి పలక అనే మాట చెవిలో పడేసరికి నాకు చెముడూ, ఆలోచనా రెండూ ఒకేసారి పోయాయి. "జీపు మీదేకదండీ?" అని అడిగాడు. "నాదే" అన్నాను. "తీసుకెళ్ళొచ్చాండీ?" "దానికేం, వచ్చి తీసుకెళ్ళు" అన్నాను.

కాగితం ప్రకారం అది నాదే. నాకు ఉద్యోగం రాగానే బాబాయి బండిని నా పేరుకు మార్పించాడు. "గవర్నమెంటు మాస్టారి బండంటే పోలీసోళ్ళు ఆపర్రా" అన్నది ఆయన పైకి చెప్పిన కారణం. పిల్లల్లేని మనిషి లోపల దాచుకున్న కారణం ఇంకొకటుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ జీపు ఉండేది రేపల్లెలో, మా పిన్ని దగ్గర. ఆయన పోయిన తర్వాత దాన్ని కడిగి, తుడిచి, కప్పి, ఎవరైనా దేవుడి ఊరేగింపుకు అడిగితే పూలు కట్టి పంపుతున్నది ఆవిడే. నేను ఫోను పెట్టేసి, కాఫీ తాగి, రెండో గుక్కలో ఆవిణ్ణి అడగలేదని గుర్తు తెచ్చుకున్నాను. వెంటనే ఫోను చేయొచ్చు. ఇది ఫోనులో చెప్పే విషయం కాదులే అనుకున్నాను. ఒక విషయం అసలు చెప్పకుండా ఉండటానికి ఇంతకన్నా మర్యాదైన సాకు ఇంకోటి దొరకదు.

మా అమ్మానాన్నలది చుండూరు దగ్గర పల్లె. కాలేజీ చదువుకు నన్ను తెనాలిలో బాబాయి ఇంట్లో దింపారు. రెండు గదుల ఇల్లు, ముందు జీపు. ఇల్లు చిన్నదీ జీపు పెద్దదీ కావడం వల్ల జీపు ముందు ఇల్లు పార్కింగు చేసినట్టుండేది. ఆ జీపు మా ఇంటికి వచ్చిన విధం కూడా అలాంటిదే. విత్తనాలు తెస్తానని బాపట్ల వెళ్ళిన మనిషి, అక్కడ ఏదో ప్రభుత్వ శాఖవాళ్ళు పాత బళ్ళు వేలం వేస్తుంటే నిలబడి చూసి, చూసి, చెయ్యెత్తి, జీపుతో తిరిగొచ్చాడట. "విత్తనాలేవి?" అందట పిన్ని. "ఇదే విత్తనం. ఇక పండించుకోవడమే" అన్నాడట. అందులో నాలుగు చక్రాలూ లాగుతాయని ఆయన గర్వంగా చెబితే, మా నాన్న దిగులుగా, "మన ఉమ్మడి కుటుంబంలో లాగేది ఒక్కటేరా, మిగతా మూడూ ఊరికే తిరిగేవి" అన్నాడు. ఏ చక్రం ఎవరో చెప్పలేదు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు.

నాలుగో రాడ్డు దేనికో బాబాయికి మొదట్లో తెలియదు. ముట్టుకుంటే ఏమవుతుందోనని దానికి గుడ్డ చుట్టి ఉంచాడు. ఓ రోజు పక్క వీధిలో పెళ్ళి. అద్దె కారులో ఊరేగింపు. మేళం వెంబడి అంగుళం అంగుళం కదిలి కదిలి కారు క్లచ్చి కాలి, రేడియేటరు పొంగి, పెళ్ళికూతురి తలంబ్రాల చీర మీద ఆవిరి కమ్మింది. ఆ జంటను మా జీపెక్కించారు. జీపు కూడా మామూలు గేర్లలో ఆగలేక ఉరుకుతోంటే, ఇక తప్పదని బాబాయి ఆ గుడ్డ విప్పి నాలుగో రాడ్డు లాగాడట. బండి ఒక్క నిట్టూర్పు విడిచి నడకలో పడింది. ముందు నడుస్తున్న సన్నాయి ఆయన ఊదడం ఆపి, వెనక్కి తిరిగి చూసి, ఇక తరుముకొచ్చేవాళ్ళు లేరని తెలిసి, తీరిగ్గా ఇంకో కీర్తన ఎత్తుకున్నాడట. ఆ మర్నాటి నుంచి బాబాయి ఊరందరికీ జీపు బాబాయి అయ్యాడు. సొంత అన్న కొడుకునైన నేను కూడా ఊళ్ళోవాళ్ళలో ఒకణ్ణయిపోయాను.

ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. ఊరేగింపు వేగం మేళంవాళ్ళ కాళ్ళది గానీ బండిది కాదు. వాళ్ళు ఆగితే ఆగాలి, వాళ్ళు కదిలితే కదలాలి. ఏ ఇంటి ముందు హారతి పళ్ళెం కనిపించినా, అది ఎవరిదైనా, నిలపాలి. హారను కొట్టకూడదు. ఊరేగింపు రోజు సాయంత్రం తలస్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి బండెక్కేవాడు. "చెప్పులేసుకుంటే డోలు వినపడదురా" అనేవాడు. క్లచ్చి మీది అరికాలితో వినేవాడాయన. శవయాత్రలకు మాత్రం బండి పంపేవాడు కాదు. "పోయినోళ్ళకి తొందరేం లేదు, నిజమే. కానీ ఇది పెళ్ళిగేరు" అనేవాడు.

జీపును నడిపేది బాబాయి అని ఊరంతా అనుకునేది. దగ్గర్నుంచి చూసిన నాకు అది సగమే నిజమని తెలుసు. మధ్యాహ్నం నుంచీ పిన్ని వరండాలో చాప పరుచుకుని బంతులూ చేమంతులూ గుచ్చేది. సైలెన్సరు వేడికి దండలు వాడకుండా ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో ఆవిడకే తెలుసు. నాలుగో రాడ్డు బొడిపెను చింతపండుతో తోమి బొట్టు పెట్టేది. ఊరేగింపులో ఎన్నడూ బండెక్కలేదు. కుడివైపు ముందు చక్రం పక్కన, మడ్‌గార్డు మీద చెయ్యి వేసి, తెనాలి వీధుల్లో జరిగిన ప్రతి పెళ్ళికీ నడిచింది. ఇంజను మోతలో తేడా వస్తే చెయ్యెత్తేది, బాబాయి ఆపేవాడు. బాబాయి రోడ్డు చూసేవాడు, పిన్ని బాబాయిని చూసేది, బండి ఇద్దర్నీ నమ్ముకుని నడిచేది. ఇంట్లో ఎప్పుడూ పూలవాసనా గేరు ఆయిలు వాసనా కలిసి ఉండేవి. ఇప్పటికీ చేమంతి దండ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇందులో ఆయిలు తక్కువైందే అనిపిస్తుంది నాకు.

నా వంతు పని మైకు. వెనక సీట్లో కూర్చుని వధూవరుల మీద నేను రాసిన పద్యాలు చదివేవాణ్ణి. ప్రాస కోసం పెళ్ళికొడుకు పేరు మార్చిన కవి ఆంధ్రదేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఓసారి నరసింహాన్ని నవనీతం చేసేస్తే, వాళ్ళ మామగారు బండి దగ్గరికొచ్చి, "బాబూ, మా అల్లుణ్ణి కరిగించకండి" అన్నాడు. పిన్ని నవ్వు ఆపుకోలేక మడ్‌గార్డు పట్టుకుని నిలబడిపోయింది. అది చెయ్యెత్తడమనుకుని బాబాయి బండి ఆపేశాడు. మర్నాడు పొద్దున పెసరట్ల పెనం దగ్గర ఆ సంగతి చెప్పుకుని మళ్ళీ నవ్వుకున్నాం. పెళ్ళివారు పంపిన లడ్డూలు డబ్బాలోంచి తీసి పిన్ని నా పళ్ళెంలో రెండు, ఆయన పళ్ళెంలో ఒకటి వేసేది. తనకు ఎన్ని మిగిలాయో నేను ఎప్పుడూ చూడలేదు.

బాబాయి పోయినప్పుడు వ్యాను మాట్లాడాం. ఆ డ్రైవరుకు ఇంకెక్కడో పనుందేమో, శ్మశానం దాకా ఊపిరాడకుండా తోలాడు. మేము తిరిగొచ్చాక పిన్ని అడిగిన మొదటి మాట, "అంత వేగంగా తీసుకెళ్ళారేంట్రా ఆయన్ని?" తర్వాత ఆవిడ తెనాలి ఇల్లు ఖాళీ చేసి, తన పుట్టినూరు రేపల్లెలో చిన్న పెంకుటిల్లు తీసుకుంది. జీపును వెంట తీసుకెళ్ళింది. నేను మొదట్లో నెలనెలా వెళ్ళేవాణ్ణి. తర్వాత పండక్కి. తర్వాత ఫోను. ఆ తర్వాత, ఫోను చేయాలనుకోవడం.

వంశీ, నేనూ తెనాలి స్టేషన్లో కలుసుకున్నాం. జీపును ఎక్కించుకెళ్ళే పెద్ద వ్యాను ముందే రోడ్డు మీదుగా రేపల్లె బయలుదేరింది. నేను స్టేషను బయట జాంగ్రీలు కొన్నాను. తప్పు చేయబోయేవాడి చేతిలో మిఠాయి పొట్లం లేకపోతే వాడికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. రైల్లో వంశీ తన చెయ్యి గేరు బాక్సుగా, నా కళ్ళజోడు పెట్టె యాక్సిలుగా పెట్టి నాకు పాఠం చెప్పాడు. మామూలు జీపులో బాగా నెమ్మది గేరు పడాలంటే ముందు చక్రాలు కూడా కలవాలట. గట్టి రోడ్డు మీద అలా వెళ్తే మలుపుల దగ్గర బండి బిగుసుకుపోతుందట. ఈ నమూనాలో మాత్రం వెనక చక్రాల మీదే అంత నెమ్మది వస్తుంది కాబట్టి ఎక్కడైనా తేలిగ్గా తిరుగుతుంది. "అందుకేనండి అది తెనాలి సందుల్లో తిరగ్గలిగింది. వేరే జీపైతే మొదటి మలుపులోనే పెళ్ళి ఆగిపోయేది" అన్నాడు. ఆ అబ్బాయి కళ్ళు మెరుస్తున్నాయి. పిన్నికి ఏం చెప్పారని అడుగుతాడేమోనని నేను కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాను.

ముందు గది టైలరుకు అద్దెకిచ్చి, వెనక గదిలో ఉంటోంది పిన్ని. పక్కన తాటాకుల పాకలో, పాత దుప్పట్లు కలిపి కుట్టిన ముసుగు కింద జీపు. నన్ను చూడగానే ఆవిడ చేతిలో చీపురు కింద పడేసింది.

"రాఘవా! కబురైనా పెట్టకుండా వచ్చావేంటి నాన్నా? చిక్కిపోయావు."

"చిక్కలేదు పిన్నీ, ముసలాణ్ణయ్యాను."

"నాకన్నా ముందే అయిపోయావా? మరీ అంత తొందరేంటి? ఈ అబ్బాయెవరు, నీ శిష్యుడా?"

"కాదు. అంటే... జీపు చూద్దామని వచ్చాడు."

"చూడనీ పాపం" అని, కుట్టుమిషను ముందు కూర్చున్న టైలరును కేకేసింది. "నాగేశ్వర్రావ్, ఆ పని తర్వాత చేద్దువు గానీ, బజారుకెళ్ళి మంచి రొయ్యలు దొరుకుతాయేమో చూడు. మా అబ్బాయొచ్చాడు."

టైలరు సైకిలెక్కాడు. వంశీ అప్పటికే చొక్కా విప్పి, టార్చి పట్టుకుని జీపు కిందికి దూరాడు. కాసేపటికి కిందనుంచి కేకలు మొదలయ్యాయి. "మాస్టారూ! ఇది ఇసక అచ్చులో పోసిందండి! కంపెనీ గుర్తే లేదు! నంబరు చేత్తో కొట్టారండి, ఒంకర్లు పోయింది చూడండి, అబ్బా!"

"ఏమైంది? ఏదన్నా విరిగిందా?" అంది పిన్ని కంగారుగా.

"లేదు పిన్నీ. సంతోషిస్తున్నాడు."

"అంత కిందికి దూరి సంతోషించడమేంట్రా!"

రొయ్యల ఇగురు, గోంగూర పచ్చడి, పెసరపప్పు చారు. ఆ పూట ఆవిడ వండినంతసేపూ నేను ఆ గుమ్మంలోనే కూర్చుని, ఇప్పుడు చెబుదాం, తాలింపు వేశాక చెబుదాం, అన్నం వార్చాక చెబుదాం అనుకుంటూ గడిపాను. ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి, ఈ ఊరి నీళ్ళ గురించి చెబుతూ, మధ్యమధ్య నా వైపు చూసి ఊరికే నవ్వుతోంది. నేను తన కోసమే వచ్చాననుకుంటోంది. ఆ నవ్వు అందుకోవడానికి నాకు చేతులు చాల్లేదు.

చెప్పింది వంశీ. అందులో వాడి తప్పేమీ లేదు. అన్నం కలుపుకుంటూ, "మామ్మగారూ, వ్యాను సందు చివరికొచ్చేసిందండి. మాస్టారు ఫోనులోనే ఒప్పేసుకున్నారు కాబట్టి మాకు తేలికైపోయిందండి. భోజనం కాగానే ఎక్కించేస్తాం" అన్నాడు.

పిన్ని చేతిలోని నేతి గరిటె గాలిలో ఆగింది. నా వైపు చూసింది. "ఒప్పుకున్నావా?"

నేను తల ఊపాను.

"మామ్మగారికి తెలీదాండీ?" వంశీ ముద్ద నోటి దగ్గరే ఉండిపోయింది.

"తెలుసులే అబ్బాయ్. వాడు ముందే చెప్పాడు" అంది పిన్ని. గరిటె వంచింది. "నువ్వు ఇంకాస్త నెయ్యి వేసుకో. రాఘవా, నువ్వూ వేసుకో."

ఆ నెయ్యి నేను మింగిన విధం నాకే తెలుసు.

భోజనాలయ్యాక ఆవిడ దుప్పట్ల ముసుగు తీసి మడతపెట్టింది. పెరట్లో ఉన్న నందివర్ధనాలన్నీ కోసి, గబగబా ఒక దండ కట్టి బండి ముందు వేసింది. ఖాళీగా పంపకూడదంది. "నువ్వే నడుపు" అంది నాతో.

"నాకెక్కడొచ్చు పిన్నీ? ఎప్పుడో బాబాయి నేర్పిందే."

"పెళ్ళిగేరులో ఎవరైనా నడపొచ్చు. మీ బాబాయి నడపలా?" అంది. ఆవిడ ముఖంలో నవ్వు ఉందో లేదో నేను చూడలేకపోయాను.

వ్యాను బ్యాటరీ తెచ్చి తగిలిస్తే జీపు దగ్గి, తుమ్మి, లేచింది. బూట్లు విప్పి ఎక్కాను. నాలుగో రాడ్డు లాగాను. బండి కదిలింది. పిన్ని కుడివైపు ముందు చక్రం పక్కన మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నడుస్తోంది. ఆవిడ ఇప్పుడు నడవగలిగేది ఆ వేగమే. వంశీ వెనక వస్తున్నాడు. ఆ మోత విని సందులో తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. ఒకావిడ అలవాటుగా నీళ్ళచెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది, వారపోయడానికి. ఇంకొకావిడ, "ఎవరి పెళ్ళండీ?" అని అడిగింది. పెళ్ళికూతురూ లేదు, పెళ్ళికొడుకూ లేడు, మేళం లేదు. తెల్లపూల దండ ఒకటే ఉంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన కళ్ళు చికిలించి చూసి, భుజం మీది కండువా తీసి లేచి నిలబడి, "ఎవరు పోయారమ్మా?" అన్నాడు.

"ఎవరూ పోలేదన్నయ్యా. జీపు పుణె వెళ్తోంది" అంది పిన్ని.

ఆయన కండువా మళ్ళీ వేసుకోలేదు. అలాగే నిలబడ్డాడు.

మామూలు వేగంలో అయితే ఆ సందు దాటడం నిమిషం పని. వేగంగా వెళ్ళేవాణ్ణి ఏదీ అందుకోలేదు. ఆ గేరులో మాత్రం సిగ్గు కూడా తీరిగ్గా నడిచొచ్చి మనిషి పక్కన కూర్చుంటుంది. సందు చివర వ్యాను తలుపులు తెరిచి, పలకలు వాల్చి సిద్ధంగా ఉంది. నేను స్టీరింగు రెండోవైపు తిప్పాను. "ఒరే, అటు కాదురా" అంటోంది పిన్ని. వినిపించుకోలేదు. వెనక వీధి చుట్టి, మళ్ళీ ఆ ఇంటి ముందుకే వచ్చి, పాకలోకి తోలి, ఇంజను ఆపాను.

"ఇది ఇక్కడే ఉంటుంది పిన్నీ" అన్నాను. ఏదో ఘనకార్యం చేసినవాడిలా అన్నానని అప్పుడే నాకు తెలిసింది, ఎందుకంటే ఆవిడ ఆయాసపడుతూ అరుగు మీద కూలబడింది. చుట్టూ తిప్పి మోకాళ్ళ నొప్పుల మనిషిని రెండింతలు నడిపించాను.

ఊపిరి కుదుటపడ్డాక అంది. "ఎందుకూ?"

"నీది కాబట్టి."

"నాదనుకుంటే ఒప్పుకునే ముందు అడగాల్సింది. ఒప్పుకున్నాక ఎవరిదైతే ఏంటి? పెళ్ళివారికి మాటిచ్చి మీ బాబాయి ఏనాడైనా బండి వెనక్కి తిప్పుకొచ్చాడా? ఆ పిల్లాడి ముఖం చూడు."

"పర్లేదండి మామ్మగారూ. నేను ఇక్కడే విప్పి కొలతలు తీసుకుని వెళ్ళిపోతానండి" అన్నాడు వంశీ.

"విప్పితే మళ్ళీ బిగించేదెవరు, మా టైలరా? తీసుకెళ్ళు నాయనా. బాగా చూసుకుంటారా?"

"చాలా బాగా చూసుకుంటారండి."

"నడుపుతారా?"

వాడు అబద్ధం చెప్పలేదు. "నడపరండి. అద్దాల గదిలో పెడతారండి."

పిన్ని కాసేపు జీపును చూసింది. "సరే. కానీ కొండలెక్కే బండని రాయొద్దు. పెళ్ళిగేరు అని రాయండి. ఎక్కని కొండ ఎక్కిందంటే దాని పరువు పోదూ?"

రెండోసారి ఆవిడ లేవలేదు. చక్రం పక్కన ఎవరూ లేకుండా నేనొక్కణ్ణే సందు చివరిదాకా నడిపాను. తలుపులు తెరిచే ఉన్నాయి, ఎవరూ ఏమీ అడగలేదు. వ్యాను ఎక్కించేటప్పుడు వంశీ నా చేతులు పట్టుకుని, పలక మీద మామ్మగారి పేరు వేయించడానికి ప్రయత్నిస్తానన్నాడు. తర్వాత ఫోటో పంపాడు. తెల్లటి లైట్ల కింద జీపు, ముందు ఇత్తడి పలక. పెళ్ళిగేరు అన్న మాట చిన్న అక్షరాల్లో ఉంది, మాట నిలబెట్టుకున్నాడు. దాత పేరు మాత్రం రికార్డులో ఉన్నదే వేయాలన్నారట. అంత అందమైన అక్షరాల్లో నా పేరు ఇంతకుముందెన్నడూ చూడలేదు. ఆ ఫోటో ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

జీపును పంపేసిన ఆ సాయంత్రం నేను ఇంటికి తిరిగొచ్చేసరికి పాకలో నేల మీది ఆయిలు మరక మీద పిన్ని బూడిద చల్లి ఊడుస్తోంది. పాక అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. వాచీ చూసుకున్నాను. అది ఆవిడ చూసింది.

"రైలుకు టైమైనట్టుంది, వెళ్ళు నాన్నా. చీకటి పడితే నీకు కళ్ళు సరిగా ఆనవు" అంది. చీపురు గోడకు ఆనించి, ఓ ముఖ్యమైన సంగతి గుర్తు చేస్తున్నట్టు, "ఇంక నీకు ఇటు రావాల్సిన పని కూడా ఏం లేదులే" అంది. ఎత్తిపొడుపు కాదది. నా శ్రమ తగ్గినందుకు నిజంగానే తేలికపడి అంది. ఎత్తిపొడిచి ఉంటే ఆ రాత్రి నేను నిద్రపోయేవాణ్ణి.

ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులంటే లారీ మీద డీజే, ముందు పిల్లల గంతులు. మేళంవాళ్ళు ఎక్కడైనా ఉంటే ట్రాక్టరు ముందు పరుగులాంటి నడక నడుస్తున్నారు. వెనక నుంచి హారను కొడితే సన్నాయి స్వరం ఎగిరిపడటం ఈమధ్య చెవులారా విన్నాను. సముద్రం వైపు పల్లెకారులు అమ్మవారి ఊరేగింపుకు ఈ ఏడాది కూడా జీపు అడగడానికి పిన్ని ఇంటికి వచ్చారట. "మరమ్మతుకి పంపాడు మా అబ్బాయి. పెద్ద కంపెనీలో చేయిస్తున్నాడు. వాడికి దానిమీద అంత ప్రేమ" అని చెప్పిందట. నాకా సంగతి టైలరు చెప్పాడు, నన్ను మెచ్చుకుంటూ.

ఆదివారాలు నేను రేపల్లె వెళ్తున్నాను. మిఠాయి పొట్లం తీసుకెళ్ళడం మానేశాను. పిన్ని అన్నం పెడుతుంది, మోకాళ్ళకు నేను తెచ్చిన నూనె రాసుకుంటుంది, నరసింహం నవనీతమైన కథ చెబితే మళ్ళీ మొదటిసారి విన్నట్టు నవ్వుతుంది. కానీ ప్రతిసారీ గుమ్మంలో, "ఏం పనిమీద వచ్చావురా?" అని అడుగుతుంది. "పనేం లేదు పిన్నీ, ఊరికే" అంటాను. "మంచిది, రా, కూర్చో" అంటుంది. అంటూనే నా భుజం మీదుగా సందు చివరికి చూస్తుంది, అక్కడ ఏదైనా వ్యాను ఆగి ఉందేమోనని.